ట్యాంకు

ఇంగ్లిషు నుంచి వచ్చి తెలుగువాళ్ల ఇంటింటి మాటైపోయిన పదాల్లో ట్యాంకు ఒకటి. నీళ్లు, నూనె, పెట్రోలు వంటివి నిల్వ చేసే పెద్ద పాత్ర, వాన నీటిని కట్ట వేసి ఆపిన చెరువు, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీల మీద నడిచే యుద్ధ వాహనం దీని ప్రధానార్థాలు. తెలుగులో ట్యాంకు, ట్యాంక్, టాంకు అని రకరకాలుగా రాస్తారు. తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా వినిపించేది ట్యాంకి.

యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేటలో ఇంటి కప్పు మీది ప్లాస్టిక్ పీపా ట్యాంకి. సిమెంటు కాళ్ల మీద ఎత్తుగా నిలబడి ఊరికంతటికీ నీళ్లిచ్చేది వాటర్ ట్యాంకు. ఎండాకాలంలో ట్రాక్టరు లాక్కొచ్చేది ట్యాంకరు. పెరట్లో సెప్టిక్ ట్యాంకు, మోటారు సైకిలుకు పెట్రోలు ట్యాంకు. ఇన్నిటికి ఈ మాట వాడే ఊళ్లో చెరువును మాత్రం ఎవరూ ట్యాంకు అనరు, చెరువనే అంటారు. చెరువును ట్యాంకు అనేది నీటిపారుదల శాఖ కాగితాల్లోనే. అయితే ఇంగ్లిషులో ఈ పదానికి మొదట ఉన్న అర్థాల్లో అదే ముఖ్యమైనది. ఇంగ్లిషువాళ్లు ఈ మాటను నేర్చుకున్నది భారతదేశపు చెరువులు, కోనేర్లు, నీటి తొట్లు చూసే.

పుట్టుక

ట్యాంక్ అనే పదం ఇంగ్లిషు రాతల్లో 17వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి కనిపిస్తుంది. ఆంగ్లేయ వర్తకులు సూరత్‌లో స్థిరపడిన కాలం అది. గుజరాతీలో టాంకీ, టాంకుం అంటే నేలలో కట్టిన నీటి తొట్టి. మరాఠీలో టాంకే అన్నా అదే. అహ్మదాబాద్ పాత ఇళ్లలో వాకిలి కింద వాన నీళ్లు పట్టి ఉంచే టాంకాలు ఇప్పటికీ ఉన్నాయి. రాజస్థాన్ ఎడారి పల్లెల్లో నేల తొలిచి, గచ్చు చేసి కట్టుకునే గుండ్రటి నీటి గుంతలకూ టాంకా అనే పేరు. ఈ మాటలకు మూలం సంస్కృత తడాగం, తటాకం కావచ్చని కొందరు భాషావేత్తల ఊహ. అదే నిజమైతే తెలుగువాళ్లు చిరకాలంగా వాడుతున్న తటాకమూ, ఇంగ్లిషు ట్యాంకూ దూరపు చుట్టాలవుతాయి.

రెండో వాదం పోర్చుగీసు వైపు నుంచి వస్తుంది. ఆ భాషలో తాంక్ అంటే నీటి గుండం. పారే నీటిని అడ్డగించడం అనే అర్థమున్న క్రియ నుంచి ఆ మాట పుట్టింది. 1498లో కోళికోడ్ చేరిన వాస్కో డ గామా యాత్రా దినచర్యలో, అక్కడి రాతి కోనేటిని వర్ణించడానికి ఈ పదాన్నే వాడారు. అప్పుడే ఒడ్డు మీద కాలు పెట్టినవాళ్లు గుజరాతీ మాట నేర్చుకునే వీలు లేదు కనుక, అది వాళ్ల సొంత పదమేననేది ఈ వాదానికి బలం.

చాలామంది నిఘంటుకారులు రెంటినీ కలిపే చెప్తారు. పశ్చిమ తీరంలో రెండు భాషల్లో దగ్గర ధ్వని, దగ్గర అర్థం ఉన్న మాటలు తారసపడ్డాయి. ఒకటి రెండోదాన్ని బలపరిచింది, ఇంగ్లిషు దాన్ని అందుకుంది. 1886లో వెలువడ్డ హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఈ చర్చకు చాలా చోటిచ్చింది. తెలుగులోని టంకం, టంకశాల అనే మాటలకూ దీనికీ సంబంధం లేదు. అవి నాణేన్ని సూచించే వేరే సంస్కృత పదం నుంచి వచ్చాయి.

చెరువు అనే అర్థం

సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఇంగ్లిషు నిఘంటువులో చెరువు అనే మాటకు ఇచ్చిన అర్థం ట్యాంక్. అప్పటికి రెండు వందల ఏళ్లకు పైగా భారతదేశంలోని ఇంగ్లిషుకు ఇది మామూలు మాట. బ్రిటన్‌లో ట్యాంక్ అంటే పాత్ర అయితే, దక్షిణ భారతంలో, శ్రీలంకలో వేల ఎకరాలు తడిపే జలాశయం కూడా ట్యాంకే. ఇంజనీర్లు దీనితో పాటు మరికొన్ని మాటలూ తీసుకున్నారు. కట్టకు బండ్, నదికి అడ్డంగా కట్టే గోడకు ఆనికట్, చెరువు కింద పారే భూమికి ఆయకట్ అని ఇంగ్లిషులోనే రాసేవారు. ఆనికట్, ఆయకట్ దక్షిణాది భాషల మాటలు. బండ్ పారశీకం నుంచి హిందుస్తానీ ద్వారా వెళ్లింది.

తెలుగులో చాలా మాటలున్న చోట ఇంగ్లిషుకు ఈ ఒక్కటే దొరికింది. చిన్నదైతే కుంట, పెద్దదైతే చెరువు, మరీ పెద్దదైతే పేరు చివర సముద్రమో సాగరమో చేరుతుంది. గుడి ముందుంటే కోనేరు, కొండ మీదుంటే గుండం. ఇవన్నీ ఇంగ్లిషు రికార్డుల్లో ట్యాంకులే. చెరువులోని ఒక్కో భాగానికీ ఇక్కడ ఒక్కో పేరుంది. నీళ్లు ఆపేది కట్ట, పొలానికి వదిలేది తూము, నిండాక పొంగి పోయేది అలుగు లేదా మత్తడి, నీళ్లు తగ్గాక తేలే నేల శిఖం. తూము ఎత్తి దించి వంతుల ప్రకారం నీళ్లు పారించే మనిషి నీరటి. మంచి వానలు పడిన ఏడు చెరువు మత్తడి దుంకిందంటే ఊళ్లో పండగ వాతావరణమే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎత్తునేలల్లో ఇంత పదసంపద పెరగడానికి కారణం ఆ నేలే. అడుగున గ్రానైటు, పైన పలుచటి మట్టి, నాలుగు నెలలు మాత్రమే వాన. నేల ఏటవాలుగా ఉండటంతో ఒక చెరువు అలుగు నీళ్లు కింది చెరువులోకి, దాని అలుగు ఇంకా కింది దానిలోకి పోయేటట్టు గొలుసుకట్టుగా చెరువులు కట్టారు. పైచెరువు తెగితే కిందివాటికీ ముప్పే. అందుకే కట్ట బాగు చూసుకోవడం ఒక్క ఊరి పనిగా ఉండేది కాదు.

ఈ పనికి రామన్నపేట ప్రాంతంలోనే చాలా పాత సాక్ష్యం ఉంది. మండలంలోని తుమ్మలగూడెం గ్రామాన్ని చరిత్రకారులు విష్ణుకుండినుల ఇంద్రపాలనగరంగా గుర్తించారు. అక్కడ దొరికిన సంస్కృత తామ్రశాసనాల్లో ఒకటి గోవిందవర్మది. గుళ్లు, విహారాలతో పాటు చలివేంద్రాలు, చెరువులు, బావులు, తోటలు కొత్తగా ఏర్పాటు చేయడం, పాడైనవాటిని బాగుచేయడం ఆ రాజు పుణ్యకార్యాలుగా అందులో ఉన్నాయి. రెండోది విక్రమేంద్ర భట్టారకవర్మది, శక సంవత్సరం 488, అంటే క్రీ.శ. 566 నాటిది. చెరువు తవ్వించడంతో సమానంగా పాత చెరువును నిలబెట్టడాన్ని కూడా ఘనకార్యంగా చెప్పుకున్న నేల ఇది.

తర్వాత పానగల్లు కేంద్రంగా ఏలిన కందూరు చోడుల కాలంలో నల్లగొండ పక్కన ఉదయసముద్రం వెలిసింది. ఇప్పుడది అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టులో సమతుల్య జలాశయం, కృష్ణా నీళ్లతో నిండుతోంది. పాలమూరు వైపు వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులకు సప్త సముద్రాలని పేరు. శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిని ఆనుకొని ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి. చెరువు కట్టడం శాస్త్రంగా కూడా ఎదిగింది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, చెరువును పాడుచేసే 6 దోషాలను లెక్కపెట్టింది. ఆ చెరువు పనిలో రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్టు కూడా రాసింది.

బోరుబావులు వచ్చాక చెరువుల మీద శ్రద్ధ తగ్గింది. కాలువలు పూడాయి, శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46,531 చెరువులను గుర్తించి దశలవారీగా పూడిక తీయించడం, కట్టలు, తూములు బాగుచేయించడం చేపట్టింది. తీసిన పూడికమట్టిని రైతులు తమ పొలాలకు తోలుకున్నారు.

ట్యాంక్‌బండ్

చెరువు అనే అర్థంలో ట్యాంకు మాట తెలుగువాళ్ల నోట నిలిచింది ఒక్క చోటే. హుస్సేన్‌సాగర్ కట్ట మీది రోడ్డు ట్యాంక్‌బండ్. 1560లలో ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఆ చెరువు కట్టారు. తర్వాత దాని కట్టే హైదరాబాదును సికింద్రాబాదుతో కలిపే బాట అయింది. చెరువు కట్ట అనే మాటకు అచ్చమైన ఇంగ్లిషు రూపం ఇది. అందులోని రెండు ముక్కలూ ఇంగ్లిషు ఆసియా నుంచి పోగుచేసుకున్నవే అనే వాదం నిఘంటువుల్లో ఉంది.

1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఈ కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు నిలిపింది. చెరువు నడుమ నిలబడ్డ బుద్ధుడు భువనగిరి దగ్గరి రాయగిరి గ్రానైటుతో మలిచిన ఏకశిలా విగ్రహం. గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. 1990 మార్చి 10న చెరువులోకి తరలిస్తుండగా విగ్రహం మునిగిపోయి పలువురు ప్రాణాలు కోల్పోయారు. దాన్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమకారుల మిలియన్ మార్చ్ ఇక్కడే జరిగింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు మూసీలో కలుస్తాయి. ఆ మూసీ తూర్పుగా పారి వలిగొండ, రామన్నపేట ప్రాంతాలను కాలువల ద్వారా తడుపుతుంది. నగరం వదిలిన మురుగు కూడా అదే దారిన వస్తుంది. కింది ఊళ్ల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నది దీని గురించే.

ట్యాంక్‌బండ్ అంటే ఇప్పుడు ఒక చోటు పేరు మాత్రమే కాదు, ఒక రకపు ఉద్యానవనం కూడా. చెరువు కట్టను వెడల్పు చేసి, దీపాలు, బల్లలు, నడక దారి ఏర్పాటు చేస్తే దాన్ని మినీ ట్యాంక్‌బండ్ అంటున్నారు. సూర్యాపేట సద్దుల చెరువు, మహబూబ్‌నగర్ పెద్దచెరువు అలా పేరు మార్చుకున్నవే. ఇంగ్లిషు రూపంలో తిరిగొచ్చిన పాత మాట తెలంగాణ పట్టణాల్లో మళ్లీ చెరువు పక్కకే చేరింది.

యుద్ధ ట్యాంకు

ఈ పదానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన అర్థం యుద్ధంలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలు, ముళ్లకంచెలు దాటగల ఇనుప వాహనం కోసం 1915లో బ్రిటిష్ నౌకాదళ శాఖ ఒక కమిటీ వేసింది. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో విలియం ఫాస్టర్ కంపెనీ దాన్ని తయారుచేసింది. శత్రువుకు తెలియకుండా, కార్మికులకు సైతం ఇవి నీళ్లు మోసే తొట్లని చెప్పారు. ఆ ముసుగుకు తగ్గట్టు 1915 చివర్లో ట్యాంక్ అనే రహస్యనామం ఖాయం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఈ వాహనాలు మొదటిసారి కదిలాయి. రహస్యం బయటపడ్డా పేరు మారలేదు. ఫ్రెంచివాళ్లు రథమనే అర్థమున్న మాట, జర్మన్లు కవచమనే అర్థమున్న పాంజర్ వాడుకున్నారు. రష్యన్లు ట్యాంక్ అనే తీసుకున్నారు. తెలుగు పత్రికల్లో యుద్ధ శకటం అనే మాట వాడినా, నిలిచింది యుద్ధ ట్యాంకే.

రామన్నపేట పరిసరాలు ఈ అర్థాన్ని 1948లో కళ్లారా చూశాయి. సెప్టెంబరు 13న హైదరాబాద్ సంస్థానం మీద సైనిక చర్య మొదలైనప్పుడు ప్రధాన సేన షోలాపూర్ వైపు నుంచి రాగా, తూర్పున విజయవాడ నుంచి మరో సేన బయల్దేరింది. గూర్ఖా దళంతో పాటు పూనా హార్స్ కవచదళపు ట్యాంకులు అందులో ఉన్నాయి. సూర్యాపేట దగ్గర వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చింది. నార్కట్‌పల్లిలో రజాకార్లు ఎదిరించారు. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సాగుతున్న ఊళ్ల మధ్య, ఇప్పుడు చిట్యాల మీదుగా పోయే ఆ రహదారే ట్యాంకుల బాట అయింది.

భారతదేశం తయారుచేసుకున్న అర్జున్ ట్యాంకుకు వాడిన కాంచన్ కవచం హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది.

నీళ్ల ట్యాంకి

ఇళ్లలో నీళ్లు నిల్వ చేసేవాటికి తెలంగాణలో ఎప్పటినుంచో మాటలున్నాయి. పెద్ద మట్టి లేదా సిమెంటు పాత్ర గోలెం, కట్టినది హౌజు, పశువులకైతే తొట్టి, నేల కిందిదైతే ఇప్పటి మాటలో సంపు. ఎత్తు మీద పెట్టి నల్లాల ద్వారా కిందికి వదిలేదానికి మాత్రం పాత పేరు లేదు. అందువల్ల ట్యాంకి ఆ ఖాళీలో కుదురుకుంది. హిందీ, దక్ఖనీ ఉర్దూలలో ఉన్న టంకీ అనే రూపం దీనికి తోడయింది. గుజరాత్‌లోని కలోల్ నుంచి 1970లలో మార్కెట్‌కు వచ్చిన సింటెక్స్ ప్లాస్టిక్ ట్యాంకులు ఎంత వాడుకయ్యాయంటే, ఏ కంపెనీదైనా సరే సింటెక్స్ ట్యాంకి అనడం అలవాటైంది. టాంకీ అనే మాట ఇంగ్లిషు చెవిన పడింది గుజరాత్‌లోనే కావడం ఈ కథలో ఒక అందమైన మలుపు.

నల్లగొండ జిల్లాలో ట్యాంకు మాటకు ఇంకో బరువు ఉంది. ఇక్కడి గ్రానైటులో ఫ్లోరైడ్ ఖనిజాలున్నాయి. వాన నీళ్లు నిలిచే చెరువుల్లో ఫ్లోరైడ్ తక్కువ. లోతుకు వేసిన బోర్లలో రాయిని ఒరుసుకుంటూ చాలా కాలం నిలిచిన నీళ్లు వస్తాయి కాబట్టి అందులో ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును చాలా ఊళ్ల బోర్లు దాటాయి. పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయి, నడుములు బిగుసుకుపోయి తరాలు నలిగాయి. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో ఈ నీటికి ఒక చికిత్స రూపొందించింది. ట్యాంకులో నీళ్లకు సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పైనీళ్లు తీసుకోవడం ఆ పద్ధతి. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా, టాంజానియాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు.

శాశ్వత పరిష్కారం నదీ జలాలేనని ఉద్యమాలు, నిపుణులు ఎన్నో ఏళ్లు చెప్పారు. ఇంటింటికీ నల్లా నీళ్లివ్వడానికి ఉద్దేశించిన మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో రామన్నపేట పొరుగునున్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఫ్లోరైడ్ ప్రాంతపు నడుమ ఆ చోటును ఎంచుకోవడంలో అర్థముంది. ఎత్తైన ట్యాంకు ఆ ఊళ్లకు బోరు నీటి నుంచి విముక్తికి గుర్తు.

ఊళ్లో అందరికీ కనిపించే ఎత్తు కావడంతో ట్యాంకి నిరసన వేదిక కూడా అయింది. 1975 నాటి షోలే సినిమాలో ధర్మేంద్ర నీళ్ల ట్యాంకు ఎక్కి పెళ్లికి ఒప్పించే సన్నివేశం దేశమంతా తెలుసు. భూమి పట్టా కోసమో, ఉద్యోగం కోసమో వాటర్ ట్యాంకు ఎక్కినవాళ్ల వార్తలు తెలుగు జిల్లా పేజీల్లో తరచూ వస్తాయి. ఆ వార్తల వెనక కింద ఎన్ని గడపలు తొక్కినా వినిపించుకోని వ్యవస్థ ఉంటుంది.

ఇతర అర్థాలు, సమాసాలు

ట్యాంకరు అంటే ద్రవాలు మోసే లారీ, ఓడ, రైలు పెట్టె. పాల ట్యాంకరు, నీళ్ల ట్యాంకరు, చమురు ట్యాంకరు తెలుగులో మామూలు సమాసాలు. సెప్టిక్ ట్యాంకు అనే పేరు 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ కట్టించిన మురుగు శుద్ధి తొట్టితో వాడుకలోకి వచ్చింది. రక్షణ సాధనాలు లేకుండా ఈ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా విషవాయువులకు కార్మికులు చనిపోయిన వార్తలు ఆగలేదు.

థింక్ ట్యాంక్ అనేది 20వ శతాబ్దం మొదట్లో మెదడుకు ముద్దుపేరు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత విధానాలపై పరిశోధన చేసే సంస్థ అనే అర్థం స్థిరపడింది. తెలుగులో మేధో సంస్థ అంటారు. ట్యాంక్ టాప్ అనే చేతుల్లేని బనియన్‌కు ఆ పేరు ఈత దుస్తుల నుంచి వచ్చింది. అమెరికాలో ఒకప్పుడు ఈత కొలనునూ ట్యాంక్ అనేవారు. ఇంగ్లిషులో ఇదే మాట క్రియగా వాడితే ఒక్కసారిగా కూలిపోవడం అని అర్థం. తెలుగులోకి ఆ ప్రయోగం రాలేదు, షేర్లు కుప్పకూలాయనే రాస్తాం.

ఎఫ్‌టీఎల్

చెరువు అనే తొలి అర్థం ఇప్పుడు అన్నిటికన్నా పదునుగా పనిచేస్తున్నది ఒక సంక్షిప్త రూపంలో. ఫుల్ ట్యాంక్ లెవెల్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు ఎఫ్‌టీఎల్. చెరువు అలుగు పారే మట్టానికి నిండినప్పుడు నీళ్లు ఎంత దూరం పరుచుకుంటాయో ఆ గీత ఇది. తెలుగులో పూర్తి నీటి మట్టం. ఆ గీత లోపల కట్టడాలు కట్టకూడదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు గీత బయట మరో 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్‌గా వదలాలి.

ఎండాకాలం వచ్చి చూసి ఇది ఖాళీ నేల అనుకొని ప్లాటు కొన్నవాళ్లు, భారీ వానలు పడ్డ ఏడు ఇంట్లోకి నీళ్లు వచ్చాక ఈ గీత సంగతి తెలుసుకున్నారు. హైదరాబాద్ చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జులైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్ అనే మాట టీవీల్లో రోజూ మోగింది. భూముల ధరలు పెరిగిన బీబీనగర్, చౌటుప్పల్ వైపు స్థలం కొనేవాళ్లు కూడా ఇప్పుడు పట్టాదారు ఎవరని అడిగాక, సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లో పడుతుందా అని అడుగుతున్నారు. రెవెన్యూ పటాల్లో శిఖం అని రాసి ఉన్న నేల చాలావరకు ఆ గీత లోపలిదే. అందుకని కొనేముందు నీటిపారుదల శాఖ చెరువు పటాన్ని, రెవెన్యూ పటాన్ని పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.